నీళ్ళొచ్చే రోజు నెట్ పోయేది

టెలిఫోన్ లైన్ల మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. స్తంభాలెక్కాను, మ్యాన్‌హోళ్ళలో కూర్చుని వందల జతల కేబుళ్ళు అతికాను, వానాకాలం రాత్రుళ్ళు పిల్లర్ బాక్సుల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు కొత్తపేటలో ఉంటున్నాను. మా సందులో వాళ్ళు, చైతన్యపురిలో చుట్టాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ళు నడిపేవాళ్ళు, ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి వనస్థలిపురం దాకా ఎరిగున్న ఇళ్ళవాళ్ళు ఫోన్ చేసి, "నెట్ వస్తది, పోతది. జర వచ్చి చూస్తవా?" అని అడుగుతుంటారు. కాదనను. ఈ ప్రాంతంలో నెట్ ఆగితే ఏమేం ఆగుతాయో నాకు తెలుసు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చి హాస్టల్లో చేరి గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో చదివే పిల్లకు మాక్ టెస్టు సగంలో ఆగిపోతుంది. అమెరికాలో ఉన్న కొడుకును వారానికొకసారి తెర మీద చూసుకునే తల్లికి ఆ మొహం మాట మధ్యలో బిగుసుకుపోతుంది. రాత్రి షిఫ్టు ఇంటి నుంచే చేసే కోడలికి మర్నాడు పైవాళ్ళ దగ్గర మాట పడుతుంది.

పూర్తిగా చచ్చిన లైను బాగుచేయడం తేలిక. వచ్చి పోయే లైనుతోనే కష్టం. మనం చూడ్డానికి పోయేసరికి అది బాగానే ఉంటుంది, మనం గడప దాటగానే మళ్ళీ పోతుంది. అలాంటి ఫాల్టు కాయితం చేతికొస్తే మా జాయింటర్లు కూడా నిట్టూర్చేవాళ్ళు. దాన్ని పట్టుకోవడంలో నాకు తెలిసివచ్చినవి రాస్తున్నాను. చదువుకునే పిల్లలున్న ఇళ్ళకు పనికొస్తాయని నా నమ్మకం.

1. మొదటి పని రాయడం.

మా ఇంటి సంగతే చెబుతాను. ఒక ఏడు ఎండాకాలం ముందర మూడు నెలలు మా నెట్ సతాయించింది. కొన్ని రోజులు చుక్క తేడా లేకుండా నడిచేది. కొన్ని రోజులు పొద్దున ఒకటికి రెండుసార్లు పోయి, మూడు నిమిషాలకు తిరిగి వచ్చేది. మనవరాలు అప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది. ఇంటర్వ్యూ ఒకటి సగంలో తెగిపోయిన రోజు ఆ పిల్ల మధ్యాహ్నం దాకా గదిలోంచి బయటికి రాలేదు. నెట్ వాళ్ళు వచ్చారు, చూశారు. వాళ్ళున్నంతసేపూ బాగానే ఉంది. రెండోసారి వచ్చి రౌటర్ డబ్బానే మార్చి వెళ్ళారు. అయినా పోయేది. మా అబ్బాయి కంపెనీయే మార్చేద్దామన్నాడు.

నేను డబ్బా పక్కన గోడకు మేకు కొట్టి, ఒక నోటుబుక్కు, దారం కట్టిన పెన్సిలు వేలాడదీశాను. ఎవరు చూస్తే వాళ్ళు రాయాలి. తేదీ, గంట, ఏ లైట్లు వెలుగుతున్నాయి, ఎంతసేపటికి వచ్చింది, ఆ సమయానికి ఇంట్లో ఏం జరుగుతోంది. చివరి గడి ఎందుకని అందరూ అడిగారు. మా సర్వీసులో ప్రతి నంబరుకూ ఒక ఫాల్ట్ కార్డు ఉండేది. అందులో తేదీలు వరసగా చూస్తే సగం జవాబు అక్కడే కనిపించేది. వాన పడ్డ మర్నాడే పోయే లైనుకు జాయింటులో తడి, పెళ్ళిళ్ళ రోజుల్లో పోయే లైనుకు పందిరి వేసినవాళ్ళు తెంపిన డ్రాప్ వైరు. గడియారం చెప్పినంత నిజం ఇంట్లో మనుషులు చెప్పలేరు. "ఎప్పుడూ పోతనే ఉంటది" అంటారు, ఆ మాటతో వెతకడానికి ఏమీ ఉండదు.

పదకొండో రోజు మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ బుక్కు తిరగేసి, "ఇవన్ని నీళ్ళొచ్చిన రోజులే గదా" అంది.

మాకు కృష్ణా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. సంపు నిండగానే ఎవరో ఒకరు మోటారు వేసి మీది ట్యాంకుకు ఎక్కిస్తారు. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. పాత వైరింగు ఉన్న ఇంట్లో ఆ క్షణం వోల్టేజీ కుంగుతుంది, హాల్లో బల్బు రెప్ప కొట్టినట్టు మసకబారుతుంది. అంత చిన్న కుదుపును అడాప్టర్ తనలోనే సర్దుకుని డబ్బాకు 12 వోల్టులు తగ్గకుండా ఇవ్వాలి. మా అడాప్టర్ లోపలి కెపాసిటర్లు ఏళ్ళ వేడికి ఎండిపోయాయి. కుదుపు వచ్చినప్పుడల్లా డబ్బా ఆరిపోయి మొదటి నుంచి లేచేది. కొత్త డబ్బా పెట్టినప్పుడు పిన్ను సరిపోయిందని పాత అడాప్టర్‌నే తగిలించి వెళ్ళారు, అందుకే డబ్బా మార్చినా గుణం కనపడలేదు. మూడు వందల లోపే పెట్టి కొత్త అడాప్టర్ తెచ్చాను. తర్వాతి నీళ్ళ రోజు మనవరాలు డబ్బా ముందు పీట వేసుకుని కూర్చుంది, నేను కిందికి పోయి మోటారు వేశాను. లైట్లు కదల్లేదు.

ఇలాంటిదే వేల్స్ దేశంలో అబర్‌హోసన్ అనే చిన్న ఊళ్ళో జరిగింది, 2020లో పత్రికలన్నీ రాశాయి. రోజూ పొద్దున ఏడింటికి ఊరంతటికీ బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. ఇలా 18 నెలలు. కేబుళ్ళు మార్చారు, ఫలితం లేదు. చివరికి ఇంజనీర్లు చీకటితో లేచి, విద్యుత్ రొదను పసిగట్టే మీటరు పట్టుకుని వీధులు తిరిగితే, ఒక ఇంట్లో పాత సెకండ్ హ్యాండ్ టీవీ ఏడింటికి ఆన్ కాగానే రొద మొదలవుతోందని తేలింది. ఆ రొద రాగి తీగల్లోకి దూరి ఊరందరి లైనునూ చెడగొట్టేది. ఇప్పుడు మన ఇళ్ళకొచ్చే గాజు తీగకు (ఫైబర్‌కు) ఆ రొద అంటదు. అయినా ఆ ఇంజనీర్లకు దారి చూపింది ఏడు గంటలన్న అంకె. అందుకే మళ్ళీ చెబుతున్నాను, గంట రాయండి.

2. లైను మధ్యలో నిలబడి రెండు వైపులా చూడాలి.

పాత టెలిఫోన్ లైను ఎక్స్‌చేంజిలో బయలుదేరి, క్యాబినెట్, పిల్లర్, స్తంభం మీది డీపీ (జతలు పంచే డబ్బా) దాటి ఇంటికి చేరేది. ఇంటి దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం వెతికేవాడికి రోజంతా పట్టేది. నాకు పని నేర్పిన మేస్త్రీ నన్ను నేరుగా పిల్లర్ దగ్గరికి తీసుకుపోయేవాడు. అక్కడ జత విప్పి ఎక్స్‌చేంజి వైపు హ్యాండ్‌సెట్ పెడితే డయల్ టోన్ వస్తోందా లేదా? వస్తే ఎక్స్‌చేంజి నుంచి పిల్లర్ దాకా బాగున్నట్టే, ఆ సగాన్ని మరిచిపోవచ్చు. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేయాలి. నాలుగు అడుగుల్లో ఫాల్టు దొరికేది.

ఇంటి నెట్‌కూ అదే పద్ధతి. మీ ఫోన్ నుంచి రౌటర్ దాకా గాలిలో ఒక ముక్క. డబ్బా నుంచి వీధి స్తంభం దాకా గాజు తీగ ఇంకో ముక్క. స్తంభం నుంచి కంపెనీ గది దాకా మూడోది. అక్కడి నుంచి లోకమంతా. ఏ ముక్క తెగిందో తెలియకుండా దేన్నీ ముట్టుకోకూడదు. ఇంట్లో ఒక్క ఫోన్‌కే రాకపోతే ఆ ఫోన్‌నే చూడండి. అందరికీ రాకపోతే ల్యాప్‌టాప్‌ను వైరుతో డబ్బాకు కలిపి చూడండి. వైరుతో వచ్చి వైఫైతో రాకపోతే జబ్బు గాలి ముక్కది. వైరుతోనూ రాకపోతే బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. కొన్ని డబ్బాలకు ఆ అంకె వేరుగా ఉంటుంది, వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. డబ్బా పేజీ తెరుచుకుందా? అయితే మీ ఇంటి సగం బాగుంది, బయటి సగంలో వెతకాలి. ఇదంతా ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాలు పెట్టకుండానే డబ్బాలు మార్చినవాళ్ళను, కంపెనీలు మార్చినవాళ్ళను ఎందరినో చూశాను. మారిన కంపెనీ తీగ కూడా అదే గోడ మూల మీదుగా, అదే మడతతో లోపలికి వస్తే మళ్ళీ అదే గోస.

3. ఆఫ్ చేసే ముందు లైట్లు చూడండి.

నెట్ పోగానే మన చెయ్యి స్విచ్ మీదికి పోతుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలాసార్లు వస్తుంది కూడా, దాంతో ఎందుకు పోయిందో చెప్పే సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. ఒక్క నిమిషం ఆగి ఫోన్‌తో ఆ లైట్ల ఫోటో తీయండి, అప్పుడు ఆపండి.

ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైట్ వెలిగితే గాజు తీగలోంచి వెలుగే రావడం లేదు. తీగ తెగింది, మడత పడింది, లేదా అవతల వైపు ఆగింది. మీరు సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం ఉండదు. పాన్ అనే లైట్ నిలకడగా ఉంటే వెలుగు వస్తోంది, అవతలి యంత్రం మీ డబ్బాను గుర్తుపట్టింది. అది ఆగకుండా మినుకుతుంటే వెలుగు వస్తున్నా మాట కలవడం లేదు. పాన్ బాగుండి ఇంటర్‌నెట్ లైట్ మాత్రం ఆరి ఉంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్, గడువు దాటిన బిల్లు, లేదా కంపెనీ లోపలి తకరారు. అన్ని లైట్లూ ఒకేసారి ఆరి మళ్ళీ ఒక్కొక్కటే వెలిగితే అది మా మోటారు కథ, కరెంటు సంగతి.

4. వెనక ఉన్న సూది కన్నం జోలికి పోవద్దు. అందులో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే కంపెనీవాళ్ళు డబ్బాలో రాసిపెట్టినవన్నీ చెరిగిపోతాయి. ఆ తర్వాత వాళ్ళు వచ్చేదాకా నెట్ ఉండదు. స్విచ్ ఆపి వేయడం వేరు, కన్నంలో గుచ్చడం వేరు. అలాగే అడాప్టర్ కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. 12కు 12, 9కి 9. ఆంపియర్లు డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువున్నా పరవాలేదు, తగ్గకూడదు.

5. గాజు తీగను చంటిపిల్ల చేతిలా పట్టుకోవాలి.

రాగి తీగను మేం మడిచాం, చుట్టాం, మేకుకు బిగించాం, అది ఓర్చుకుంది. గాజు ఓర్చుకోదు. వెంట్రుక మందం గాజులో వెలుగు గోడల మీద తుళ్ళుతూ ప్రయాణిస్తుంది. తీగను బాగా వంచితే ఆ వంపు దగ్గర వెలుగు బయటికి జారిపోతుంది. తెగినట్టు పైకి కనిపించదు. కర్మన్‌ఘాట్‌లో ఒక ఇంట్లో బీరువాను గోడకు ఇంకాస్త జరిపారు, దాని వెనక తీగ నలిగింది. బీరువా తలుపు గట్టిగా వేసినప్పుడల్లా ఎర్ర లైట్. బీరువాను నాలుగు వేళ్ళ మందం ముందుకు లాగాక అది మళ్ళీ రాలేదు. మిగిలిన తీగను చుట్టాల్సి వస్తే అన్నం పళ్ళెమంత వెడల్పుగా చుట్టండి, చేతి గాజులంత చిన్నగా చుట్టొద్దు.

ఈ వెలుగుకు లెక్క ఉంది, తెలుసుకుంటే మీకే మేలు. కంపెనీ గది నుంచి బయలుదేరిన ఒక్క గాజు పోగును దారిలో స్ప్లిటర్లతో చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. 32గా చీలిస్తే ఆ చీలికకే సుమారు 17 డెసిబెల్స్ వెలుగు ఖర్చు. ఆ తర్వాత ప్రతి అతుకూ, ప్రతి మడతా కొంచెం కొంచెం తింటాయి. మూడు డెసిబెల్స్ పోతే వెలుగు సగమైనట్టు. ఇంటికి చేరేసరికి మైనస్ 18 నుంచి మైనస్ 23 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి దిగితే డబ్బా ఆ వెలుగును అందుకునే అంచున ఉంటుంది. ఎండకు కనెక్టర్ కాస్త సడలినా, గాలికి తీగ ఊగినా పోతుంది, మళ్ళీ వస్తుంది. వచ్చి పోయే నెట్‌కు ఈ అంచు మీద బతుకే చాలాసార్లు కారణం. చాలా డబ్బాల పేజీలోనే ఆప్టికల్ పవర్ అని ఈ అంకె కనిపిస్తుంది. లైను బాగున్న రోజునే చూసి గోడ బుక్కులో రాసుకోండి.

ఇంకొకటి. ఒకే పోగు మీద ఉన్న 32 ఇళ్ళ డబ్బాలూ వంతులవారీగా మాట్లాడతాయి, ఒక్కోదానికి కన్నుమూసి తెరిచేలోపు ఎన్నో వంతులు. ఒక డబ్బా చెడిపోయి వంతు లేకుండా వెలుగు పోస్తూ కూర్చుంటే మిగతా 31 ఇళ్ళ మాట మునిగిపోతుంది. అందుకే మీ నెట్ పోయినప్పుడు పక్కింటివాళ్ళను అడగండి. వాళ్ళకూ అదే కంపెనీ అయి, వాళ్ళకూ అదే సమయంలో పోతుంటే మీ ఇంట్లో వెతకడం వృథా. ఆ సంగతి నెట్ వాళ్ళకు చెబితే వాళ్ళకు సగం రోజు పని తప్పుతుంది.

విప్పిన తీగ కొసను కంటికి ఎదురుగా పెట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి. అందులో వచ్చేది లేజర్. కంటికి కనపడదు, కాబట్టి రెప్ప మూసుకోవాలని కూడా తెలియదు.

6. గాలి ముక్క. మన సందుల్లో ఇల్లూ ఇల్లూ చేతులు చాస్తే తగిలేంత దగ్గర. మా మేడ మీద ఫోన్ తెరిస్తే ఇరవై ఏడు వైఫై పేర్లు కనిపించాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండే చానెళ్ళు మూడే, 1, 6, 11. ఇరవై ఏడు డబ్బాలు ఆ మూడింట్లోనే నలగాలి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే, 2.45 దగ్గర పనిచేస్తుంది. చదువుకునే గదిలోనే డబ్బా ఉంటే 5 గిగాహెర్ట్జ్ పేరుకు మారండి, అక్కడ రద్దీ తక్కువ. అది గోడలు ఎక్కువ దాటలేదు కాబట్టి పక్కింటి గొడవా ఇటు తక్కువే వస్తుంది. డబ్బాను ఇనప బీరువా మీద, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన పెట్టొద్దు. హాలు మధ్యకు, మనిషి తల ఎత్తున పెట్టండి. పరీక్ష రోజు మాత్రం వైరు వాడండి. ఆ మూడు గంటలు గాలిని నమ్ముకోవద్దు.

7. హాస్టల్లో ఇద్దరు నంబర్లు పంచితే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్. నాలుగంతస్తులు, తొంభై మంది దాకా పిల్లలు. నడిపే ఆవిడను చెల్లె అని పిలుస్తాను. "అన్నా, వైఫై కనెక్టయితది, నెట్ మాత్రం రాదు. రాత్రి ఎనిమిది దాటితే పిల్లలు నా మీదికి వస్తున్నరు" అంది. డబ్బా లైట్లు చక్కగా ఉన్నాయి. వైరు పెడితే నెట్ వస్తోంది. పిల్లల ఫోన్లు తీసుకుని ఐపీ నంబర్లు చూశాను. కొందరికి 192.168.1 తో మొదలయ్యే నంబరు, కొందరికి 192.168.0 తో. ఒకే ఇంట్లో రెండు రకాల నంబర్లు ఉండకూడదు. ఒకే సందులో ఇద్దరు వచ్చి ఇళ్ళకు వేర్వేరు డోర్ నంబర్లు రాసిపోయినట్టు. రెండోవాడు రాసిన నంబరుకు ఉత్తరాలు చేరవు.

గది గదికీ తిరిగితే మూడో అంతస్తులో దొరికింది. వాళ్ళ గదిలో సిగ్నల్ రావడం లేదని ఒక అమ్మాయి తన డబ్బులతో చిన్న రౌటర్ కొని తెచ్చి, గోడ వైరును దాని ఇంటర్‌నెట్ రంధ్రంలో కాకుండా పక్కన ఉన్న లాన్ రంధ్రంలో పెట్టింది. ఆ చిన్న డబ్బా కూడా తనే పెద్దనుకుని హాస్టలంతటికీ నంబర్లు పంచడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి ఆ అమ్మాయి వణికిపోయింది. తొంభై మంది చదువు చెడగొట్టానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవరకొండ వైపు పిల్ల, ఎస్సై పరీక్షకు చదువుతోంది. నీ తప్పేం లేదు బిడ్డా, సిగ్నల్ రాని గదికి ముందే మేం డబ్బా పెట్టాల్సింది అని చెప్పాను. ఆ చిన్న డబ్బాను తీసేయలేదు. యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చి, నంబర్లు పంచే పని దాని నుంచి తప్పించి, అక్కడే ఉంచాను. ఆ వరసలో ఉన్న నాలుగు గదులకూ సిగ్నల్ వచ్చింది.

అక్కడే రెండో తప్పు కనిపించింది. పెద్ద డబ్బా పంచడానికి పెట్టుకున్న నంబర్లు వందే. ఒక్కో పిల్ల దగ్గర ఫోను, ల్యాప్‌టాపు. పగలు క్లాసులకు పోయేవాళ్ళ నంబర్లు కూడా 24 గంటలూ వాళ్ళ పేరునే ఉండిపోతున్నాయి. రాత్రి ఆలస్యంగా వచ్చిన పిల్లలకు నంబరు మిగలదు. పంచే నంబర్లు 250 దాకా పెంచి, గడువు రెండు గంటలకు తగ్గించాను. హాస్టళ్ళు నడిపేవాళ్ళందరూ ఈ రెండూ చూసుకోవాలి. నెల నెలా వైఫై పేరు చెప్పి పిల్లల దగ్గర డబ్బులు తీసుకుంటున్నప్పుడు ఇది వాళ్ళకు రావాల్సిన హక్కు.

8. వాట్సాప్ నడుస్తుంది, వెబ్‌సైట్లు తెరుచుకోవు. అలా ఉంటే లైను తెగలేదు, పేరు చెబితే నంబరు చెప్పేవాడు పలకడం లేదు. పూర్వం మనకు 197 ఉండేది, ఫలానా ఆయన నంబరెంత అని అడిగితే చెప్పేవాళ్ళు. నెట్‌లో ఆ పని డీఎన్‌ఎస్‌ది. డబ్బా సెట్టింగుల్లో గానీ, మీ ఫోన్‌లో గానీ దాని చోట 8.8.8.8 లేదా 1.1.1.1 రాసి చూడండి. తెరుచుకుంటే జబ్బు తెలిసినట్టే.

9. వేడి, వాన, పిడుగు.

మే నెలలో మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా పోయే నెట్‌ను చూస్తే నేను ముందు డబ్బా మీద అరచెయ్యి పెడతాను. సజ్జ మీద, తలుపులున్న టీవీ అరలో, సెట్‌టాప్ బాక్సు నెత్తిన పెట్టిన డబ్బా చెయ్యి కాలేంత వేడెక్కి, తనను తాను ఆపుకుంటుంది. గాలి ఆడే చోటికి మార్చితే చాలు.

పిడుగుల సంగతి వేరు. గాజులో కరెంటు పారదు, అందుకని డబ్బా క్షేమమని అనుకోవద్దు. దెబ్బ ప్లగ్గు దారిలోనే వస్తుంది. రెండు బిల్డింగుల మధ్య మామూలు లాన్ వైరు లాగి ఉంటే ఆ దారిలోనూ వస్తుంది. అకాల వానల్లో ఉరుము వినగానే ప్లగ్గు పీకండి.

2020 అక్టోబర్ 13 రాత్రి వానను ఈ తూర్పు దిక్కున ఉన్నవాళ్ళెవరూ మరిచిపోలేరు. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్ నగర్ లాంటి కాలనీలు నీట మునిగాయి. అది కరోనా ఏడు, బడులన్నీ నెట్‌లోనే నడుస్తున్నాయి. ఇల్లు మునిగిన పిల్లకు బడి కూడా మునిగింది. నీళ్ళు తీసిన తర్వాత నేను తిరిగిన అపార్ట్‌మెంట్లలో సెల్లార్‌లో, మెట్ల కింద గోడకు పెట్టిన నెట్ బాక్సులన్నీ బురదలో ఉన్నాయి. మొదటి అంతస్తులో పెట్టిన బాక్సులున్న చోట కరెంటు రాగానే నెట్ వచ్చింది. కాలనీ సంఘాల వాళ్ళను అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను, మెట్ల కింద పెట్టనివ్వొద్దని. కొందరు విన్నారు. ఇంకా కొన్ని బిల్డింగుల్లో బాక్సు కారు టైరు ఎత్తులోనే ఉంది, చెరువు మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకవేళ బాక్సు తడిస్తే పూర్తిగా ఆరేదాకా స్విచ్ వేయొద్దు, ఆరిందని మీకనిపించాక ఇంకో రోజు ఆగండి.

10. స్తంభం మీది బరువు.

2025 ఆగస్టులో మనకు దగ్గర్లోనే, రామంతపూర్‌లో, కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్ళను తీసేసే పని నగరమంతా మొదలైంది. ఇళ్ళల్లో ఒక్కసారిగా ఎర్ర లైట్లు వెలిగాయి, విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ వారం నాకు వచ్చినన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదు. ఇంట్లో కూర్చుని డబ్బాను ఎన్నిసార్లు ఆపి వేసినా రాని నెట్ అది. బయట తలెత్తి చూస్తే కారణం నేల మీద చుట్టలు చుట్టుకుని పడి ఉంది.

లైన్ల మీద బతికినవాడిగా నా మాట చెబుతాను. మనుషుల ప్రాణం మీదికి తెచ్చే తీగ అక్కడ ఉండకూడదు. మా పనిలో కొత్త జత వేస్తే పాతదాన్ని దించేవరకు పని అయినట్టు రాసేవాళ్ళం కాదు. ఇప్పుడు స్తంభాల మీద వేలాడేవాటిలో కనెక్షన్ ఎప్పుడో మానేసినవాళ్ళ తీగలు ఎన్నో ఉన్నాయి. వాటిని దించే మనిషి లేడు, దించినందుకు కూలీ ఇచ్చేవాడు లేడు. ఆ బరువుకు బతికున్న తీగలు సాగి, వంగి, వెలుగు కోల్పోతాయి. వినాయక చవితికి విగ్రహాలు సరూర్‌నగర్ చెరువుకు తరలేటప్పుడు పిల్లలు కర్రలతో ఆ గుత్తులను పైకెత్తుతారు, మర్నాడు రెండు సందులకు నెట్ ఉండదు. ఆ కర్ర పట్టుకున్న పిల్లవాడికి పైన ఏది నెట్ తీగో, ఏది కరెంటు తీగో తెలియదు. మీ ఇంటి ముందు గుత్తి కిందికి వేలాడుతుంటే నెట్ వచ్చినా రాకపోయినా ఫిర్యాదు చేయండి. మీరు కనెక్షన్ మానేసినప్పుడు తీగ కూడా దించుకుపొమ్మని పట్టుబట్టండి.

11. వచ్చిన కుర్రవాడికి బుక్కు చూపించండి.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ వస్తలేదు" అని ఒక్క మాట చెబితే వాళ్ళు చెప్పేదీ ఒక్కటే ఉంటుంది, ఆపి వేయండి అని. అదే "మూడు రోజుల్లో ఏడుసార్లు పోయింది, ప్రతిసారీ ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, పక్కింటికి బాగానే ఉంది, ఆప్టికల్ పవర్ పోయిన నెల మైనస్ 21, ఇప్పుడు మైనస్ 27" అని చెప్పి చూడండి. ఫోన్ అవతల మనిషి గొంతే మారుతుంది. ఫిర్యాదు నంబరు బుక్కులో రాసుకోండి.

నాగోల్‌లో మా చెల్లెలి ఇంట్లో ఇలాగే చెప్పించాను. సాయంత్రానికి ఒక కుర్రవాడు వచ్చాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆ రోజు వాడికది తొమ్మిదో ఇల్లు. చెల్లెలు ముందు మజ్జిగ ఇచ్చింది. వాడు బుక్కు తీసుకుని పేజీ మొత్తం చదివాడు, మీటరు పెట్టి చూశాడు, మైనస్ 27.4. ఇంట్లో దేన్నీ ముట్టుకోకుండా నేరుగా నిచ్చెన తీసుకుని స్తంభం దగ్గరికి పోయాడు. పైన జాయింటు డబ్బా మూత పగిలి లోపల చీమలు పుట్ట పెట్టాయి. పాత అతుకు కోసేసి, కొస తుడిచి, మళ్ళీ అతికాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. "పెద్దాయనా, మీరు లోపలికి పొండ్రి, నేను చూస్కుంట" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు నేను పైన ఉన్నప్పుడు కింద ఎవరో ఒకరు పట్టుకున్నారు బిడ్డా అన్నాను.

దిగి వచ్చి మళ్ళీ మీటరు పెట్టాడు. మైనస్ 20.8. ఇంటికి చేరే వెలుగు నాలుగింతల పైన పెరిగింది. ఆ అంకె, తేదీ డబ్బా కింద మార్కర్‌తో రాశాడు. పోబోతూ ఆగి, మా చెల్లెలి బుక్కులో ఆ పేజీని ఫోటో తీసుకున్నాడు. మన్సూరాబాద్‌లో ఒక ఇల్లు ఉందట, నాలుగుసార్లు పోయినా ఫాల్టు దొరకలేదట. వాళ్ళకు చూపిస్తానన్నాడు.